వరూధిని పక్షం

మా ఊళ్లో కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేవారు. ఉప్పెనకు ముందు, ఉప్పెన తరవాత. ఎవరి పెళ్లి ఎప్పుడైంది, ఏ కొబ్బరిచెట్టు ఎప్పుడు నాటారు, ఏ గేదె ఎన్నో ఈత అన్నదంతా ఆ లెక్కలోనే. నేను ఉప్పెన తరవాతవాణ్ణి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చినప్పటికి ఇంకా పుట్టలేదు. అయినా ఆ రాత్రి నాకు తెలుసు. మా ఇంట్లో అన్నం కలుపుతూ కూడా దాని గురించి మాట్లాడుకునేవారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య నేలే దివిసీమ. అవనిగడ్డ నుంచి నాగాయలంక పోయే దారిలో, కాలవగట్టు పక్కన మా ఊరు. పొద్దుగూకితే పిల్లల్ని లాకుల వైపు వెళ్లనిచ్చేవారు కాదు. అక్కడ దయ్యాలు తిరుగుతాయనేవారు. ఏ ఊళ్లోనైనా ఆ మాటే చెబుతారు గాని, మా ఊరి దయ్యాలకు ఇంటిపేర్లుండేవి. ఫలానావాళ్ల రెండో కోడలు, ఫలానావాళ్ల ముసలాయన, బడిపంతులు గారి కవల పిల్లలు. అధికారుల లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు పోయిన సీమ అది. నేను భయపడి నాయనమ్మ కొంగు పట్టుకుంటే, "వాళ్లు మనవాళ్లేరా, మనల్నేం చేస్తారు" అనేది. ఆ మాటతో భయం తగ్గేది కాదు, ఇంకోలా మారేది. మనవాళ్లే అయితే ఎందుకు రారు, వస్తే ఏమడుగుతారు అని రాత్రుళ్లు పడుకుని ఆలోచించేవాణ్ణి.

అలా రావలసినవాళ్లలో మావయ్య ఒకడు. నాన్న ఆఖరి చెల్లెలి భర్త. పెళ్లయిన పద్నాలుగో నెలలో, ఎడ్లబండి కట్టుకుని నాగాయలంక అవతలికి వెళ్లాడు. ఎడ్లలో ఒకటి తిరిగొచ్చింది. ఆయన దొరకలేదు. అప్పటికి అత్తయ్యకి ఇరవయ్యేళ్లు. శవం దొరకలేదు కాబట్టి బొట్టు తీయనంది. ఊరు రెండు రకాలుగా మాట్లాడింది. తాతయ్య ఒక్కటే అన్నాడట: "దాని నుదురు, దాని ఇష్టం." అలా అత్తయ్య పుట్టింటికొచ్చి, అటు ముత్తయిదువా కాక ఇటు విధవా కాక, మా పెంకుటింటి వెనక గదిలో పుస్తకాలు చదువుకుంటూ ఉండిపోయింది. నేను పుట్టాక నన్ను ఎక్కువగా ఎత్తుకున్నది అత్తయ్యే.

అవనిగడ్డ బస్టాండు దగ్గర ఒక చెక్కబడ్డీలో అద్దెకు పుస్తకాలిచ్చేవారు. రోజుకి పావలా. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ల పేజీలు చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, అట్టలేసిన పుస్తకాలే సగం. మధ్యలో ఏదో వారం దొరక్కపోతే అక్కడ కథ తెగిపోయేది. ఆ తెగిన చోటు అత్తయ్య తనే కల్పించి చెప్పేది. తరవాత అసలు కథ దొరికి చదివితే చాలాసార్లు అత్తయ్య చెప్పిందే బాగుండేది. తులసిదళం, కాష్మోరా ఊరందరూ చదివిన రోజులవి. మా ఇంట్లో వాటిని పగలే చదవాలని అమ్మ ఆంక్ష. అత్తయ్యకు మాత్రం అవి అంతగా పట్టలేదు. "భయపెట్టడం ఎంతసేపురా, తలుపు చప్పుడు చేస్తే చాలు" అనేది. ఆమెకు కావలసిన కథలు వేరు. లోకం కాని లోకం నుంచి ఒకరొచ్చి మనిషిని ప్రేమించాలి. గంధర్వుడు గానీ, దేవకన్య గానీ, మోహిని గానీ. వచ్చినవాళ్లు మంచివాళ్లో చెడ్డవాళ్లో చివరిదాకా తేలకూడదు.

ఊరి చివర డేరా హాల్లో జగన్మోహిని ఆడింది. 1978లో వచ్చిన విఠలాచార్య సినిమా, మా దాకా చేరేసరికి ఫిల్మంతా గీతలు. జయమాలిని దయ్యమై, కోడలి వేషంలో ఇంట్లో చేరి, పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. హాలంతా ఒకటే కేక. నేను అత్తయ్య ఒళ్లో మొహం దాచుకున్నాను. పైనుంచి ఒక చుక్క మెడ మీద పడింది. తలెత్తి చూస్తే అత్తయ్య ఏడుస్తోంది. "చూడరా, కట్టెలు లేకపోతే కాళ్లే పెట్టి వండుతోంది ఆ ఇంటికి" అంది. ఆ రోజు నుంచి దయ్యాల సినిమా నాకు వేరేగా కనబడటం మొదలైంది.

ఇంట్లో తాతయ్య దాచుకున్న పాత వావిళ్లవారి మనుచరిత్ర ఉండేది. దాన్ని తాతయ్య రాగంతో చదివేవాడు, అత్తయ్య కథగా విడమరిచి చెప్పేది. కృష్ణదేవరాయల కొలువులో పెద్దన చెప్పిన ఆ కావ్యంలో నా చెవికి పట్టింది సగం కథే. అరుణాస్పదపురంలో ప్రవరుడు. అతిథిగా వచ్చిన సిద్ధుడు కాళ్లకు పూసిన పసరుతో ఒక్క అంగలో హిమాలయానికి పోతాడు. మంచులో పసరు కరిగిపోతుంది. ఇంటికి దారి ఉండదు. అక్కడ వరూధిని కనబడుతుంది, అప్సరస. ఆమె మనసు పడుతుంది, అతను కాదంటాడు. బతిమాలుతుంది, ఏడుస్తుంది. అగ్నిహోత్రుణ్ణి తలుచుకుని అతను ఇల్లు చేరతాడు. తరవాత, అంతకుముందెప్పుడో ఆమె కాదన్న ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆమె ప్రవరుడే అనుకుంటుంది. మూలమైన మార్కండేయ పురాణంలో అయితే ఆ గంధర్వుడు ఒక షరతు కూడా పెడతాడు, దగ్గరగా ఉన్నప్పుడు కళ్లు మూసుకోవాలని.

బడిలో, పెద్దల నోట, ప్రవరుడే గొప్ప. నిగ్రహం, నిష్ఠ. అత్తయ్య మాత్రం వరూధిని పక్షం. "ప్రవరుడికి ఇల్లుంది, అగ్నిహోత్రం ఉంది, పెళ్లాం ఉంది. దారి దొరికింది, పోయాడు. కష్టం ఎవరిదిరా? అక్కడే ఉండిపోయినదానిది." గంధర్వుడి మోసం గురించి అడిగితే మాత్రం జవాబు చెప్పేది కాదు. మసక చీకట్లో వాకిట్లో కూచుని అరటినార చీలుస్తూ, "కళ్లు మూసుకుంటే తెలియదంటావా?" అని నన్నే అడిగేది. తొమ్మిదేళ్లవాణ్ణి, నాకేం తెలుసు. ఇప్పుడు తెలుస్తోంది. ఆమె అడిగింది గంధర్వుడి గురించి కాదు.

తాతయ్య ఒక మాట పదేపదే చెప్పేవాడు. 1947లో వరూధిని సినిమా వస్తే బందరు వెళ్లి చూశాడట. అందులో ప్రవరుడు ఎస్.వి. రంగారావు. ఆయనకు మొదటి సినిమా అదే. మళ్లీ నాలుగేళ్లకు పాతాళ భైరవిలో నేపాళ మాంత్రికుడై ఆ మనిషే దేశాన్ని దడిపించాడు. "నిష్ఠాపరుడూ ఆ మొహమే, మాంత్రికుడూ ఆ మొహమే" అనేవాడు తాతయ్య. ఒకే మొహం రెంటికీ సరిపోతుందన్న సంగతి చిన్నతనంలోనే నా బుర్రకెక్కింది.

అద్దె పుస్తకాల అంచుల్లో చదివినవాళ్లు ఏవేవో రాసేవాళ్లు. ఎక్కువ పిచ్చిరాతలే. ఒకసారి పెన్సిలుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక మాట కనబడింది. "ఈ దయ్యానికి రచయిత చివరిదాకా పేరు పెట్టలేదు. పేరు లేనివాళ్లను ద్వేషించడం తేలిక." అత్తయ్య ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. తరవాత నా పెన్సిలు తీసుకుని కింద రాసింది: "ఆమె పేరు అతనికి తెలుసు. మనకు చెప్పలేదు, అంతే." పుస్తకం బడ్డీకి పోయింది. మూడు వారాలకు ఇంకో పుస్తకంలో జవాబొచ్చింది. అలా ఏడాది పైగా సాగింది. పుస్తకాలు మోసేవాణ్ణి నేనే.

ఆ రాత ఎవరిదో నాకు ఆరో తరగతిలో చేరాక తెలిసింది. నల్లబల్ల మీద అవే అక్షరాలు. మెట్ట నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగు మాస్టారు. క్రైస్తవులు. ఆదివారం చర్చిలో, సోమవారం పెద్దన పద్యంలో. ఎవరైనా వింతగా చూస్తే "జాషువా గారు తెలుగు పండితుడే కదండీ" అని ఊరుకునేవారు. సాయంత్రాలు బడి వరండాలో పిల్లల్ని కూచోబెట్టి కథలు చెప్పేవారు. యాకోబు కథ అక్కడే విన్నాను. ఏటి ఒడ్డున ఒంటరిగా ఉన్న యాకోబుతో ఎవరో తెల్లవార్లూ కుస్తీ పడతారు. దేవదూతో, దేవుడో, ఎవరో. తెల్లవారబోతుంటే వదలమంటాడు. దీవిస్తేగాని వదలనంటాడు యాకోబు. పేరడిగితే ఆ వచ్చినవాడు చెప్పడు. యాకోబు తొడ తొలిగి, ఆ పొద్దున్న కుంటుకుంటూ నడుస్తాడు. నేను ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. అత్తయ్య రెండోసారి చెప్పించుకుంది. తరవాతి పుస్తకం అంచులో రాసింది: "వదిలేసి గెలిచినవాడు ప్రవరుడు. పట్టుకుని గెలిచినవాడు యాకోబు. ఎవరిది ఒప్పు?"

ఆ మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లాం, సంగమ స్నానానికి. అక్కడి వేణుగోపాలస్వామి గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారని, కోడి కూసేసరికి గోపురం పూర్తి కాకుండానే వెళ్లిపోయారని చెబుతారు. అత్తయ్య ఇంకో కథ చెప్పింది. లోకమంతా పాపాలు కడుక్కుంటే గంగ నల్లబడి కాకైపోయిందట. ఏ తీర్థంలో మునిగినా తెల్లబడలేదట. ఇక్కడ మునిగాక హంసైందట. మునిగి లేచిన అత్తయ్య ఆ రోజు మామూలు కన్నా ఎక్కువ మాట్లాడింది, నవ్వింది. పల్లీలు కొనిపెట్టింది. అత్తయ్యకు ఏదో జరగబోతోందని నాకు అనిపించింది. అనిపించి, కడుపులో గుబులైంది.

శ్రీరామనవమి ఇంకా పదకొండు రోజులుంది. బడ్డీ నుంచి తెస్తున్న పుస్తకంలో మడిచిన కాగితం కనబడింది. అంచు రాతల్ని చదవడం అలవాటే, దీన్నీ చదివాను.

"నాకు బదిలీ అయింది. మీరు ఔనంటే బందరులో రిజిస్ట్రారు ఆఫీసుకి వెళదాం. నేను ఆయన్ని కాను, ఆయనలా ఉండను కూడా. కళ్లు మూసుకోకండి. తెరిచి చూసి చెప్పండి. నవమి లోగా."

కాలవగట్టు మీద నిలబడి ఎన్నిసార్లు చదివానో. జగదేకవీరుని కథలో రామారావు దేవకన్య చీర దాచేస్తాడు. చీర లేక ఆమె ఇంద్రలోకం పోలేక భూమ్మీద కాపురం చేస్తుంది. చీర చేతికందిన రోజు ఎగిరిపోతుంది. ఆ సినిమా చూసినప్పుడల్లా, చీర ఇంకా భద్రంగా దాచి ఉండాల్సిందని అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, నాన్న చిన్నప్పటి చందమామల బైండు తీసి, బేతాళ కథ పేజీల మధ్య కాగితం పెట్టేశాను. శంకర్ గారి బొమ్మ ఉంటుందే, భుజాన శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడు నడుస్తుంటాడు. ఆ బొమ్మ పక్కన.

"పుస్తకంలో ఏమైనా ఉందిరా?" అంది అత్తయ్య.

"లేదు."

వారానికి బడిలో మాస్టారు ఆపి, చాలా మెల్లగా, "అత్తయ్య ఏమైనా చెప్పమన్నారా బాబూ?" అన్నారు.

"లేదండీ."

బేతాళుడి షరతు పిల్లలందరికీ తెలిసిందే. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నాకు నిజంగానే తలనొప్పి మొదలైంది. నవమి పందిట్లో పానకం తాగి వాంతి చేసుకున్నాను. అమ్మ దిష్టి తీసింది. నాలో దేవదూత, దయ్యం అని రెండు వేరు మనుషులుంటే ఒకరి మీదికి తప్పు తోసేద్దును. ఉన్నది ఒక్కడే. అత్తయ్య మీద ప్రాణం పెట్టుకున్నదీ వాడే, కాగితం దాచిందీ వాడే. ప్రేమ వల్లే దాచాను. అందుకే ఇప్పటికీ ఆ పనిని క్షమించలేను. ద్వేషంతో చేసినదైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

మాస్టారు వెళ్లిపోయారు. అత్తయ్య అంచులు వెతకడం మానలేదు.

1990 మే మొదటి వారంలో రేడియోలో తుఫాను వార్తలు మొదలయ్యాయి. 77 అనుభవంతో ఈసారి ఊళ్లను ముందే ఖాళీ చేయించారు. మే 9న మమ్మల్ని బళ్ల మీద తుఫాను షెల్టరుకు చేర్చారు. ఉప్పెన తరవాత కట్టిన గుండ్రటి కట్టడం. సాయంత్రానికి గాలి కేక మొదలైంది. ఎవరూ పడుకోలేదు. ముసలివాళ్లు పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటున్నారు. అత్తయ్య మాత్రం మాట్లాడకుండా తలుపు వైపు చూస్తోంది. పదమూడేళ్ల కిందట అలాంటి గాలిలోనే మావయ్య పోయాడు. ఆమె చూపు చూసి నాకు వణుకొచ్చింది. ఈ రాత్రి ఆయన వస్తే, ఇంకొకరు రావాలనుకున్నారన్న సంగతి కూడా తెలియకుండానే ఆమె వెళ్లిపోతుందనిపించింది.

చెప్పేశాను. చెవి దగ్గర, గాలి హోరులో.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఏం రాశారు?" అంది. నాకు కంఠతా వచ్చు. చెప్పాను. "మళ్లీ" అంది. మళ్లీ చెప్పాను. మూడోసారి చెప్పేటప్పుడు "కళ్లు మూసుకోకండి" అన్న చోట నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపటికి తీసి, "పడుకో" అని నా తల తన ఒళ్లో పెట్టుకుంది. తెల్లారేదాకా ఆ చెయ్యి నా తల మీదే ఉంది. ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ గుర్తే.

ఆ తుఫానులో రాష్ట్రమంతటా దాదాపు వెయ్యి మంది పోయారు. మా ఊళ్లో ప్రాణనష్టం లేదు. ఇంటికెళ్లేసరికి వెనక గది గోడ కూలి ఉంది. చందమామల బైండు నాని ముద్దైపోయింది. కాగితం దొరికింది గాని సిరా అంతా నీలం మరకై, ఒక్క అక్షరం మిగల్లేదు. ఆ ఉత్తరం ఇక నా నోట్లోనే ఉంది. మాస్టారికి ఆ మేలోనే వాళ్లవాళ్లలో సంబంధం కుదిరిందని వేసవి సెలవులయ్యాక తెలిసింది.

సరిగ్గా ఆ మే 9నే జగదేకవీరుడు అతిలోకసుందరి విడుదలైంది. వానకి హాళ్లు ఖాళీ అన్నారు, తరవాత నీళ్లల్లో నిలబడి చూశారన్నారు. నేను నెల తరవాత అవనిగడ్డలో చూశాను. ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుంటుంది. అది లేనిదే పైకి పోలేదు. ఉంగరం చిరంజీవి వేలికుంటుంది. హాలంతా ఈలలు. నాకు మధ్యలోనే లేచి వచ్చేయాలనిపించింది. ఆ సినిమాలో చివరికి ఆమె తనే ఉండిపోతుంది, ఇష్టపడి. అది నాకు కాస్త ఓదార్పు అయింది. దాని మీద ఆనుకోవడం తప్పని పెద్దయ్యాక తెలుసుకున్నాను. మా అత్తయ్య ఇష్టపడి ఉండలేదు. నేను అడగనివ్వకుండా ఉంచాను.

అత్తయ్య ఆ తరవాత అంగన్‌వాడీలో టీచరై, ఊళ్లో రెండు తరాల పిల్లలకు కథలు చెప్పింది. నా మీద కోపం ఎప్పుడూ చూపలేదు. ఎప్పుడైనా, ఏ రెండు మూడేళ్లకో, అందరూ పడుకున్నాక పిలిచేది. "ఆ ముక్కలు ఒకసారి చెప్పరా." చెప్పేవాణ్ణి. విని, లోపలికి వెళ్లేది.

2025 మే 9న ఆ సినిమాని మళ్లీ హాళ్లలో వేశారు. అత్తయ్యని విజయవాడ తీసుకెళ్లాను. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్లు నొప్పులు, నుదుటన బొట్టు అలాగే ఉంది. సినిమా అంతా కళ్లార్పకుండా చూసింది. తిరుగు బస్సులో ఉయ్యూరు దాటాక, "చెప్పరా" అంది. ముప్పై ఐదేళ్ల కిందటి ఆ వాక్యాలన్నీ చెప్పాను.

"నవమికి ఎన్ని రోజుల ముందొచ్చింది ఆ కాగితం?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

"పదకొండు రోజులు, అత్తయ్యా."

"పదకొండు రోజులు" అంది. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. బస్సు పులిగడ్డ చేరేసరికి చీకటి పడింది.